ముడులతో పూసిన మడి

మూడు రోజులుందామని ఎక్కిన కొండ మీద రెండు నెలలకు పైగా ఉండిపోయాను. కాలు ఒకచోట నిలవని వాణ్ణి. తోటల నగరాలని పేరుపడ్డ ఊళ్ళు ఇంతకుముందు కొన్ని చూశాను. చాలావాటిలో తోట ఒక మూల, నగరం ఒక మూల ఉంటాయి. ఇక్కడ వీధులే మెట్లు, మెట్టుకొక కుండీ. దర్జీ కొట్టు ముందు నూనె డబ్బాలో పూలు, మంగలి అద్దం పక్కన పూలు. ఎదురుపడ్డవాళ్ళు "బాగున్నారా" అనరు, "పూసిందా?" అంటారు. కొండల గురించి పుస్తకాలు రాసినవాళ్ళు శిఖరాల గురించే రాశారు గాని, కొండ ఊళ్ళో ముందుగా తెలుసుకోవలసింది మన మోకాళ్ళ గురించి.

ఆ మోకాళ్ళు మొరాయించిన చోటే నాకు గది దొరికింది. పెద్దతోట గేటుకు నాలుగు మెట్ల కింద, రెండు గదుల ఇల్లు. తలుపు తీసినావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "లోపలికి రండి అన్నయ్యగారూ. గది సంగతి ఊపిరొచ్చాక మాట్లాడదాం" అంది.

వెనకనుంచి వాళ్ళాయన తల బయటపెట్టాడు. "అన్నయ్యా అనేసిందా? అయితే మీరు నాకు బావగారు. పుట్టింటివాళ్ళు లేరని ఇన్నాళ్ళూ మీ చెల్లెలి మీద ఫిర్యాదులన్నీ కడుపులో దాచుకున్నాను. ఇక మీకే చెప్పుకుంటాను."

"చెప్పండి, చెప్పండి. మీ ఫిర్యాదులు వినలేకే గదా ఇంతకుముందున్నాయన ఖాళీ చేసింది" అందావిడ.

ఆయన పెద్దతోటలో పూల మడుల మేస్త్రి. ముప్ఫై ఏళ్ళుగా తోట నడిబొడ్డున ఉండే గుండ్రటి మడి ఆయన చేతిదే. ఆవిడ అదే తోట నర్సరీలో పదకొండేళ్ళుగా తాత్కాలికపు మనిషి. నడుముకి ఎప్పుడూ ఒక దారపు ఉండ వేలాడుతుంది కాబట్టి అందరూ ఆవిణ్ణి దారపుండ అంటారు. నారు పోసిన ప్రతి ట్రేకీ ఒక దారం కట్టి ముడులు వేస్తుంది. తెల్లపూల నారుకి ఒక ముడి, నీలానికి రెండు, గులాబీరంగుకి మూడు. పెటూనియా నారు ఏ రంగుదైనా ఆకు ఒకటే, పూసేదాకా పువ్వు రంగు తెలీదు. చీటీ అంటిద్దామంటే ఆ కొండ మంచుకి సిరా రెండు రోజులు నిలవదు. అందుకే దారాలని ఆవిడ చెప్పేది. ఆ మాటని నర్సరీలో ఎవరూ అనుమానించలేదు, నేనూ అనుమానించలేదు.

ఆ ఏడు ఆవిణ్ణి పర్మనెంటు చేయాలన్న ఫైలు పైకి వెళ్ళింది. వాళ్ళింట్లో ఆ ఫైలు పెళ్ళికి ఎదిగిన పిల్లలా తిరిగేది. పొద్దున లేస్తే దాని మాట, పడుకోబోతే దాని మాట.

నేను వెళ్ళిన పదో రోజున మైదానంలో ఉన్న వాళ్ళ కూతురి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. నెల ముందుగానే నొప్పులు. నర్సరీలో ఆఖరి ట్రేలకు దారాలు కడుతున్న మనిషి ఫోను చెంపకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "ఊపిరి పీల్చవే తల్లీ, వస్తున్నా, వస్తున్నా" అంటూనే ముడులు వేసింది. అరగంటలో బస్సెక్కింది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి మొగుడికి చెప్పింది ఒకటే మాట: "మీరు కంగారు పడకండి. అన్నీ కట్టేశాను."

మర్నాడు మేస్త్రి మడి నాటాడు. గట్టు మీద కూర్చుని చూశాను. బయట తెలుపు, దాని లోపల నీలం, నట్టనడుమ గులాబీ, వలయం లోపల వలయం. ట్రే తీసుకోవడం, దారాన్ని బొటనవేలితో తడమడం, నాటడం. కళ్ళు మాత్రం ఎక్కడో మంచులో ఉండేవి. పనిమంతులకి కళ్ళు చేతుల్లోనే ఉంటాయని నాలో నేనే ఒక సిద్ధాంతం కట్టుకున్నాను. నా సిద్ధాంతాలు చాలావరకు ఇలాగే, పక్కదారిన వెళ్ళి నిజానికి దగ్గరలో ఆగిపోతాయి.

కింద మనవరాలు పుట్టింది. నెల తక్కువ పిల్ల కాబట్టి ఆవిడ అక్కడే ఉండిపోయింది. ఆరేడు వారాలకి మడి మొగ్గ తొడిగి పూసింది. నేనా రోజుల్లో జలుబు చేసి గది దాటలేదు. మేస్త్రి పొద్దునా సాయంత్రం మడికి నీళ్ళు పెట్టి వచ్చి, నాకు వేడినీళ్ళు కాచి ఇచ్చేవాడు. పూలెలా ఉన్నాయంటే "బానే ఉన్నాయి బావగారూ" అని మాట మార్చేవాడు.

పూసిన పదో రోజు సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చాడు. తోట పైఅధికారి కబురు పెట్టిందట. మర్నాడు పది గంటలకి నర్సరీ రిజిస్టరు తీసుకుని రమ్మంది. ఎందుకో చెప్పలేదు.

"మెట్లు ఎక్కగలరా బావగారూ? కాస్త నాతో మడి దాకా రావాలి."

ఇంకా వెలుతురుంది. మడి చుట్టూ నా చెయ్యి పట్టుకుని నడిపించాడు. జబ్బు మనిషికి ఆసరా అనుకున్నాను. సగం చుట్టు తిరిగాక ఆగిపోయాను. నీలం వలయంలో, ఒక దుప్పటి పరిచినంత మేర, గులాబీరంగు పూలు.

"ఆగారేం?" అన్నాడు.

"ఇక్కడ గులాబీ పడింది గదా."

"ఎక్కడ?"

ఎదురుగానే ఉంది. చూపించాను. చూపించిన వేలి వంకే చూశాడు గాని పూల వంక చూడలేదు. అప్పుడు నాకు అర్థమైంది, ఆ బొటనవేలు దారాన్ని ఎందుకు తడిమేదో.

గట్టు మీద కూర్చున్నాం. "పుట్టుకతోనే" అన్నాడు. "నీలం, గులాబీ నాకు ఒకటే బావగారూ. పెళ్ళైన కొత్తలో మీ చెల్లెలు ఒక గులాబీ చీర కట్టుకొచ్చి ఎలా ఉందంటే, నీలం నీకు బాగుంటుందన్నాను. అప్పుడు పట్టేసింది. నవ్విందే గాని ఎవరికీ చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఇదొక్కటీ ముప్ఫై ఏళ్ళు నానబెట్టింది. ఏటా మడి పూసిన రోజున నా చెయ్యి పట్టుకుని చుట్టూ తిప్పుతుంది. తెలుపైతే ఒకసారి నొక్కుతుంది, నీలమైతే రెండుసార్లు, గులాబీకి మూడు. అది నొక్కితేనే నాకు మడి పూసినట్టు."

రిజిస్టరు తీసి చూశాం. ఆ రోజు కట్టిన ఆఖరి గులాబీ ట్రే ఆవిడ పేరు మీదే ఉంది. మూడు ముడులు వేయాల్సిన చోట రెండు వేసింది, కూతురి నొప్పుల మధ్య. తప్పు రాస్తే పర్మనెంటు ఫైలు అక్కడితో సరి.

ముసలివాణ్ణి, లోకం చూసినవాణ్ణి కదా, ఒక అబద్ధం అందించాను. "నాటేటప్పుడు ట్రేలు తారుమారు చేశానని చెప్పండి. తప్పు మీ మీదికొస్తుంది, ఆవిడ బయటపడుతుంది."

"పూసి పది రోజులైంది బావగారూ. రోజూ నీళ్ళు పెడుతున్నావు, కనిపించలేదా అంటే?"

నా దగ్గర రెండో అబద్ధం లేదు.

మర్నాడు తోడు వెళ్ళి ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. అధికారి మాకంటే బాగా చిన్నది. మాట పుల్ల విరిచినట్టు ఉంటుంది. ఆవిడ సరిగ్గా అదే అడిగింది, పది రోజులుగా నీళ్ళు పెడుతూ చూడలేదా అని.

"చూశానమ్మా. కనపడలేదు" అన్నాడు మేస్త్రి. "నాకు రంగులు తెలీవు. మా ఆవిడ ముడులు కడితే వాటిని బట్టి నాటుతాను. తప్పు పట్టాల్సింది దాన్ని కాదు, రంగులు తెలీకుండా రంగుల మడి పట్టుకు వేలాడినవాణ్ణి. గేటు దగ్గర కాపలాకి వేసినా వెళ్తాను."

ఆవిడ బల్ల మీది ఫైళ్ళు రెండు ముందుకు జరిపింది. "వీటిలో గులాబీది ఏది?"

చాలాసేపు చూశాడు. "మీ వైపుదై ఉండాలి."

నేను కూర్చున్న చోటికే కనిపిస్తోంది, అది నీలం.

"మరి ముప్ఫై ఏళ్ళు? ఆమె చేరింది పదకొండేళ్ళ కిందటే కదా."

"అంతకుముందు నాకు అన్నం తెచ్చేదమ్మా. క్యారియరు పెట్టి, నేను తినేలోగా ముడులు కట్టి వెళ్ళేది." జేబులోంచి ఒక దారం తీసి బల్ల మీద పెట్టాడు. అధికారి దాన్ని తీసుకుని, ముడుల మీద బొటనవేలు ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పోనిచ్చింది.

"రెండు" అంది.

"రెండేనమ్మా. నీలం."

ఆవిడ దారం పక్కన పెట్టి కాగితం లాక్కుంది. "ఆమె ఫైలు ఆపను. పంతొమ్మిదేళ్ళు జీతం లేకుండా చేసిన పని గురించి ఒక కాగితం రాసి దానికి జత చేస్తాను. మడి మీ ఇద్దరి పేరా ఉంటుంది. మీరొక్కరే ఇక నాటకూడదు."

"మరి ఆ తప్పుగా పడినవి పీకేయమంటారా?"

"కట్టినావిడ వచ్చి చూశాక పీకండి."

నాలుగో రోజు బస్సు దిగింది దారపుండ. సంచి కూడా ఇంట్లో పెట్టకుండా తోటలోకి వచ్చింది. నన్ను చూసి, "అన్నయ్యగారూ, మనవరాలికి వాళ్ళ తాత ముక్కే వచ్చింది, ఏం చేస్తాం" అని, ఆయన చెయ్యి అందుకుంది. ఇద్దరూ మడి చుట్టూ నడిచారు. నేను మోకాళ్ళ పేరు చెప్పి కాస్త వెనకబడ్డాను.

దుప్పటంత గులాబీ దగ్గర ఆవిడ కాళ్ళు ఆగాయి. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

"ఇది నా ముడేనండీ. నేనే తప్పు వేశాను."

"ఏది? నాకు బాగానే ఉంది."

"మీకెప్పుడు బాగాలేదు గనక" అందావిడ, కళ్ళు తుడుచుకుంటూ.

చెయ్యి మళ్ళీ ఆయన చేతిలోకి వచ్చింది. వేళ్ళు మెల్లగా కదలడం నాకు వెనకనుంచి కనిపించింది.

"మూడు" అన్నాడాయన. ఆ తర్వాతే పూల వంక చూశాడు.