రబ్బరు తొడిగిన కీ

గడియారాల చాచా పోయారని మొన్న ఆయన పెద్ద కూతురు ఫోన్ చేసి చెప్పింది. “పొద్దుగాల నమాజ్ చేసి గోడకు ఒరిగిండక్కా. మళ్ల లేవలే,” అంది. నేను నకిరేకల్ చేరేసరికి మట్టి కూడా ఇచ్చేశారు. ఆ ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుని తిరిగి వచ్చాను. అక్కడ ఎవరికీ చెప్పలేకపోయిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

మర్రిగూడ వైపు పల్లెల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. నేను అక్కడే పుట్టి, అక్కడి నీళ్లే తాగి పెరిగినదాన్ని. ఫ్లోరైడ్ నా వేళ్లను ముప్పై ఏళ్లకే పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు కలిసేవి కావు. అవి ఎనభైల నాటి రోజులు. చేతి గడియారం రోజూ కీ ఇస్తేనే నడిచేది. నాకు పొద్దున్నే పక్కింటావిడ ఇచ్చిపెట్టేది.

ఒకసారి ఆమె పుట్టింటికి వెళ్లింది. అదే రోజు ఒక బాలింతకు రక్తస్రావం ఆగలేదు. నాడి లెక్కపెడుతుంటే మధ్యలో సెకన్ల ముల్లు ఆగిపోయింది. ఉజ్జాయింపుగా ఒక అంకె రాసి జీపులో పంపాను. ఆమె బతికింది. కానీ మర్నాడు డాక్టరు గారు నన్ను పిలిపించారు.

“నాడి అందాజతోని రాసుడు కాదమ్మా. చెయ్యి రాకుంటే దవాఖానల రిజిస్టర్లు చూస్కో. ఊళ్లకు ఇంకొకరిని పంపుత.”

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. అందుకే ఎక్కువ బాధేసింది. నెల రోజులు గడువు అడిగి, నకిరేకల్ బస్సెక్కాను.

చాచా గడియారాల మరమ్మతు కొట్టు బస్టాండు ఎదురుగా ఉండేది. నెల గడువు సంగతి చెప్పి గడియారం తీసి ఇవ్వబోతే ఆయన అందుకోలేదు. “అది తర్వాత చూస్త బేటీ. ముందుగాల చెయ్యి చూపియ్యి,” అన్నారు. చొక్కా గుండీ, చింతగింజ, సోడా మూత ఒక్కొక్కటీ నా ముందు పెట్టి పట్టుకోమన్నారు. గుండీ జారిపోయింది. చింతగింజా జారింది. సోడా మూతను మాత్రం పట్టుకోలేకపోయినా, బొటనవేలి పక్కతో బల్ల మీద దొర్లించగలిగాను.

“నీకు పట్టుకునేది వద్దు. దొర్లిచ్చేది కావాలె,” అన్నారాయన. “వచ్చే ఐతారం రా.”

మొదట ఇత్తడి చక్రం చేసి కీకి అతికించారు. చెమటకు పచ్చగా చిలుము పట్టి నా చర్మం దురద పెట్టింది. తర్వాత స్టీలుతో చేశారు. తడి చేతికి అది జారేది. నర్సు చేయి తడి ఆరే వేళ ఎప్పుడు? దువ్వెనలు చేసే వాళ్ల దగ్గర కొమ్ము ముక్క తెచ్చి అరగదీశారు. అది చేతికి హాయిగా ఉండేది కానీ వారానికే పగిలింది. నాలుగోసారి చక్రం బిగిస్తుంటే కీ నుంచి గడియారం లోపలికి వెళ్లే పుల్ల విరిగింది. ఆయన భూతద్దం కంటినుంచి తీసి బల్ల మీద పెట్టారు.

“ఇడిసిపెడదాం చాచా. రిజిస్టర్లే చూసుకుంట,” అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. “నీ నెల అయిపోయిందా?”

“ఇంక ఆరు రోజులున్నయి.”

“మరి ఆరు రోజులకు ముందే ఎందుకు ఇడిసిపెడతవ్?”

నాలుగు రోజులకు కబురు పంపారు. ఈసారి కొత్త పుల్ల వేసి, పళ్లున్న ఇత్తడి చక్రానికి సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ తొడిగారు. తడిలోనూ జారలేదు, ఇత్తడి ఒంటికి తగలలేదు. ఎడమ మణికట్టు వంచినప్పుడు చక్రం ఒత్తుకుంటుంటే, కుడిచేతికి కట్టుకోమన్నారు. అప్పుడది మోచేతి వైపు తిరిగింది. తోలు పట్టీ డెట్టాలు నీళ్లకు బిరుసెక్కుతుందని, ఇనుప గొలుసు పసిపిల్లలకు గీసుకుంటుందని రెండూ వద్దన్నారు. మంచం నవారు నుంచి సన్నగా చీల్చిన పట్టీని చాచీ కుట్టారు. ఒక రింగులోంచి దూర్చి పళ్లతో లాగితే బిగుసుకునేది.

కొట్టులోనే కీ ఇచ్చాను. చక్రం బొటనవేలి కింద కరకరమంటూ దొర్లింది. ఏళ్ల తర్వాత నా గడియారాన్ని నేనే నడిపించాను. ఏడుపు వస్తుంటే చాచా చూసీచూడనట్టు, “రోజుకు ఒక్కసారే ఇయ్యి. ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతది,” అన్నారు.

డాక్టరు గారు ఒక రోగి చేతుల్లో ఒకటి తాను పట్టుకుని, ఇంకొకటి నాకిచ్చి, ఒక నిమిషం నాడి లెక్కపెట్టించారు. ఇద్దరికీ ఒకే అంకె వచ్చింది. “రేపటి సంది ఊళ్లకు పో,” అన్నారు.

ఆ తర్వాత ఏళ్లల్లో చాచా నెలకొకసారి మా ఊరు వచ్చేవారు. గడియారాల కోసం కాదు. గొళ్లెం తీయలేనివాళ్లు, లాంతరు వత్తి పెంచలేనివాళ్లు మా ఊళ్లో ఇంటికొకరు ఉండేవారు. వాళ్ల వేళ్లు ఎంతవరకు వంగుతాయో చూసి, అంతకు సరిపడే పిడి చేసిచ్చేవారు. “అల్లా ఇచ్చిన చెయ్యిని మనం మార్చలేం. సామాన్‌ను మారుస్తం,” అనేవారు.

తొంభైల్లో ఒక మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. ఒక ముసలవ్వ ట్రంకు పెట్టె తాళంచెవికి ఆయన అరచేతంత చెక్క పిడి బిగించారు. ఆమె రెండు చేతుల మధ్య దాన్ని ఇరికించి, ఒళ్లంతా వంచి తిప్పింది. తాళం ఊడింది. మూత ఎత్తబోతూ అవ్వ ఒక్క క్షణం ఆగి ఆయన వైపు చూసింది. చాచా లేచి, వీధివైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని ఎండలో నిలబడ్డారు. వెనక మూత లేచిన చప్పుడు వినిపించినా, అవ్వ పిలిచేదాకా ఆయన అటు తిరగలేదు.