లిఫ్టు పక్కన నాలుగు చోట్లు

విజిలక్కకు కారు నడపడం రాదు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. పదకొండేళ్లుగా రోజూ పదుల కార్లను ఇటు నుంచి అటు జరిపే మనిషికి స్టీరింగు పట్టడమే తెలియదు. ఆమెకు తెలిసిందల్లా తోయడం. అది ఐదంతస్తుల భవనం. పైనంతా ఆఫీసులు, ఆసుపత్రులు, కింద రెండంతస్తుల సెల్లారు. వచ్చే కార్లు నూట ఇరవై, ఉన్న చోటు ఎనభైకి. మిగిలిన నలభై మందీ ఏం చేస్తారు? నిలబడి ఉన్న కారుకు అడ్డంగా తమది పెట్టి, గేరు న్యూట్రల్లో వదిలి, హ్యాండ్‌బ్రేకు దించి, తలుపులకు తాళం వేసుకుని చక్కా పైకి పోతారు. లోపల ఇరుక్కున్న కారు బయటికి రావాలంటే విజిలక్క వచ్చి అడ్డంగా ఉన్నదాన్ని నడుం ఆనించి తోయాలి. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

నిజానికి ఆ ఉద్యోగం మొగుడిది. నడుం పట్టేసి మంచమెక్కి, "ఒక్క వారం నా బదులు నిలబడవే" అన్నాడు. ఆ వారం ఇప్పటికీ పూర్తి కాలేదు. ఆయనగారు ఇంట్లో కూర్చుని గడియారాలు బాగుచేస్తున్నాడు, ఈవిడ సెల్లారులో కార్లు తోస్తోంది.

ఆమెకు ఒక రహస్యం ఉంది. కింది అంతస్తులో ఏడో స్తంభం దగ్గర నేల వాలుగా ఉంటుంది. కడిగిన నీళ్లు గోడవారగా ఉన్న కాలువలోకి పోవాలని ఎవరో మహానుభావుడు అలా కట్టాడు. అక్కడ న్యూట్రల్లో వదిలిన కారు తనంతట తానే గోడ వైపు నడక మొదలుపెడుతుంది. అందుకని విజిలక్క ముందు చక్రానికి ఒక ఇటుక అడ్డం పెడుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అక్కడ కార్లు పెట్టొద్దంటారు, పెట్టొద్దంటే తోసే పని తగ్గుతుంది, పని తగ్గితే మనిషెందుకంటారు. ఆమె భయం ఆమెది. భవనం కమిటీ సెక్రటరీ గారి బల్ల మీద గేటు మిషన్లు అమ్మేవాళ్ల పుస్తకం ఆరు నెలలుగా పడి ఉంది మరి. దాని అట్ట మీది బొమ్మలో ఎర్ర కర్ర దానంతటదే లేస్తుంటుంది. పక్కన మనిషి ఉండడు.

ఆ నెల మీటింగులో మూడో అంతస్తు పళ్ల డాక్టరమ్మ లేచి ఒక మాట అడిగింది. ఆవిడకు నాలుగు నెలల పాప. ఆసుపత్రి గదిలోనే ఉయ్యాల కట్టుకుని, పాపను పెట్టుకునే పనిచేస్తోంది. కింది అంతస్తులో లిఫ్టు పక్కన నాలుగు చోట్లున్నాయి. వాటికి అడ్డంగా ఎవరూ కారు పెట్టకూడదని పసుపు గీత ఉంది. ఆ నాలుగూ కమిటీ వాళ్లవి. వాటిని ఆడవాళ్లకూ, చంటిపిల్లల తల్లులకూ వదిలేయమని ఆవిడ అడిగింది.

"సమానం సమానం అంటారు, మళ్లీ లిఫ్టు పక్కనే కావాలంటారు," అన్నాడు సెక్రటరీ. మనిషి చెడ్డవాడేం కాదు. తన తెల్ల కారు కూడా ఆ నాలుగింట్లో ఒకటి కావడమే వచ్చిన చిక్కు.

"మా ఆవిడకైతే ఒక చోటు చాలదు, రెండు కావాలి," అన్నాడు ఎవరో. అందరూ నవ్వారు.

డాక్టరమ్మ నవ్వలేదు. "నాకు కారు పెట్టడం రాక అడగట్లేదండీ. ఒక చేత్తో పాప, ఇంకో చేత్తో సంచి. కార్లు తోయడానికి మూడో చెయ్యి లేదు."

సెక్రటరీ తలుపు దగ్గర నిలబడ్డ విజిలక్కను పిలిచాడు. "నువ్వు చెప్పమ్మా. ఇన్నేళ్లుగా కింద ఉన్నావు. ఏ ఆడమనిషైనా ఇబ్బంది పడిందా?"

విజిలక్క కళ్లు బల్ల మీది పుస్తకం మీద పడ్డాయి. నిజానికి ఒకామె ఇబ్బంది పడింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో విజిలక్క కూతురుకు నాలుగేళ్లు, మొగుడు మంచంలోంచి లేవలేడు, ఇంట్లో చూసేవాళ్లు లేరు. దుప్పటి చింపి తాడు పేని, ఒక కొస పిల్ల నడుముకూ ఇంకో కొస కాపలా గదిలోని కుర్చీ కాలుకూ కట్టి కార్లు తోయడానికి వెళ్లేది. ర్యాంపు మీద టైరు చప్పుడైతే చాలు, తాడు తెగిందేమోనని ప్రాణం గిలగిలలాడేది. అలా ఏడాదిన్నర గడిపింది. ఆ సంగతి నోటి దాకా వచ్చింది. లోపలే దాచేసుకుంది.

"లేదు సార్. నేనున్నాను కదా. నేనే తోస్తాను."

డాక్టరమ్మ ఆమె వంక చూసింది. కూర్చుంది. నాలుగు చోట్ల మాట అక్కడితో ముగిసింది.

తర్వాతి గురువారం మధ్యాహ్నం రెండింటికి విజిలక్క గేటు పక్కన టీ తాగడానికి పైకి వెళ్లింది. ఎనిమిది నిమిషాలు, అంతకన్నా లేదు. ఆ ఎనిమిది నిమిషాల్లోనే పాపకు ఒళ్లు కాలిపోతోందని డాక్టరమ్మ కిందికి దిగింది. ఏడో స్తంభం దగ్గర ఉన్న తన కారుకు అడ్డంగా నల్ల కారొకటి ఉంది. "అక్కా" అని రెండుసార్లు పిలిచింది. ఎవరూ పలకలేదు. పాపను బుట్టతో సహా గోడ పక్కన దించింది, కార్లు తిరగని చోటు కదా అని. నల్ల కారు ముందు చక్రం దగ్గర ఇటుక కనపడితే ఎవరో పారేశారనుకుని తీసి అవతల పెట్టింది. వెనక్కి వెళ్లి భుజం ఆనించి తోసింది.

కారు హాయిగా కదిలింది. తనకు కూడా తోయడం వచ్చేసిందని ఒక్క క్షణం సంతోషించానని తర్వాత ఆవిడే చెప్పింది. ఆ వెంటనే భుజం మీది బరువు మాయమైంది. కారు తనంతట తానే గోడ వైపు పోతోంది. గోడ దగ్గర బుట్ట ఉంది.

విజిలక్క ర్యాంపు మలుపులో ఉండగా అది చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలోని గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. పరిగెత్తి గోడకూ కారుకూ మధ్య దూరింది. వీపు బానెట్‌కు ఆనించి, రెండు పాదాలూ గోడకు తన్నిపెట్టింది. పాదాల మధ్య బుట్ట. మోకాళ్లు వంగాయి. ఇంకొంచెం వంగాయి. అక్కడ ఆగాయి.

డాక్టరమ్మ ఏడుస్తూ వచ్చి పాప కోసం ఆ సందులోకి చెయ్యి చాచింది. అది అందే దూరం కాదు.

"పాప తర్వాత డాక్టరమ్మా. ముందు ఇటుక."

"నా పాప..."

"ఇటుక తెండి. చక్రం కింద పెట్టండి. నేను ఎక్కువసేపు ఆపలేను." గొంతు పెంచలేదు. పెంచడానికి ఊపిరి లేదు. విజిల్ మెడలోనే ఉంది, ఊదడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆవిడ ఇటుక ఎక్కడ పెట్టిందో మర్చిపోయి అటూ ఇటూ తిరుగుతుంటే, విజిలక్క పాదాల మధ్యకు చూసింది. పాప కళ్లు తెరిచి ఆమెనే చూస్తోంది. ఎడమ మోకాలు వణకడం మొదలైంది. అది ఆగితే బాగుండునని దానికే చెప్పుకుంది.

ఇటుక దొరికింది. చక్రం కింద కరకరమంది. కారు ఆగింది.

పాప ఇప్పుడు ఏడ్చింది. విజిలక్క బుట్ట ఎత్తి అందించింది. డాక్టరమ్మ పాపను గుండెకు అదుముకుని నేల మీదే కూలబడింది. తిట్టలేదు. ఒక్క మాట అంది.

"నేనున్నానన్నారు కదక్కా."

విజిలక్క సందులోంచి బయటికి వచ్చి, ఇటుకను చక్రం కిందికి ఇంకాస్త నెట్టింది.

సాయంత్రం కుంటుకుంటూ ఇంటికి చేరింది. పదో తరగతి చదువుతున్న కూతురు జరిగిందంతా అడిగి తెలుసుకుని, అమ్మ మోకాళ్లకు మందు రాయడానికి కూర్చుంది.

"నిన్ను కుర్చీకి కట్టేసేదాన్ని. గుర్తుందా?" అని అడిగింది విజిలక్క. తాడైనా ఉండేది, ఆ బుట్టకు అదీ లేదు అనుకుంటూ అడిగింది.

"గుర్తులేకేం," అంది కూతురు నవ్వుతూ. "ముడి ఎటు లాగితే ఊడుతుందో కూడా తెలుసు. విప్పుకుని లిఫ్టు దాకా పరిగెత్తేదాన్ని. బటన్ నొక్కి, నువ్వు చూసేలోపు వచ్చి మళ్లీ కట్టేసుకునేదాన్ని. రోజూ."

"రోజూనా?"

"రోజూ. ఒకసారి ఒక కారు నా పక్క నుంచే పోయింది. నువ్వు విజిల్ ఊదుతున్నావు, నన్ను చూడలేదు."

ఎదురుగా పిల్ల నిక్షేపంలా కూర్చుని మందు రాస్తోంది. అయినా విజిలక్క దాని చెయ్యి పట్టుకుని చూసుకుంది, భుజం పట్టుకుని చూసుకుంది. ఏడాదిన్నర పాటు ఆ తాడే తన బిడ్డను కాపాడిందనుకుని ఇన్నేళ్లూ బతికింది.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు సెక్రటరీ గారి తెల్ల కారు కిందికి దిగింది. లిఫ్టు పక్కన ఆయన చోటులో విజిలక్క నిలబడి ఉంది. ఆయన హారన్ కొట్టాడు. ఆమె కదలలేదు. మళ్లీ కొట్టాడు. కారు ఆమె మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది. కిటికీ అద్దం దిగింది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? పక్కకి జరుగు."

"సార్, ఆ రోజు మీటింగులో అబద్ధం చెప్పాను."

"ఏం అబద్ధం?"

చెప్పింది. ఇటుక సంగతి, తాడు సంగతి, నిన్నటి బుట్ట సంగతి అన్నీ చెప్పింది. వరస తప్పింది, అయినా చెప్పింది. ఈలోగా డాక్టరమ్మ కారు ర్యాంపు దిగి తెల్ల కారు వెనక ఆగింది. ఆవిడ హారన్ కొట్టలేదు. పాపకు జ్వరం రాత్రికే దిగింది. అద్దంలో నుంచి బుట్ట పైభాగం కనపడుతోంది.

సెక్రటరీ అద్దంలో వెనక్కి చూశాడు. "ఇలా దారికి అడ్డం నిలబడితే ఆ గేటు మిషన్ రేపే తెప్పిస్తాను. నీ పని ఉండదు. తెలుసా?"

"తెలుసు సార్."

"భయం లేదా?"

"ఉంది సార్. కాళ్లు చూడండి."

ఆయన చూశాడు. రెండు కాళ్లూ వణుకుతున్నాయి. చీలమండ దాకా వణుకుతున్నాయి. కానీ ఉన్న చోటు నుంచి అవి కదలడం లేదు.

తర్వాత ఆయన రివర్సు గేరు వేశాడు. విజిలక్క చెయ్యి అలవాటుగా విజిల్ మీదికి పోయింది. పెదాలు ఎండిపోయి మొదటిసారి ఊదితే గాలే వచ్చింది, రెండోసారి పలికింది. డాక్టరమ్మ కారుకు తగలకుండా ఆయన్ని మెల్లగా వెనక్కి రప్పించింది. ఖాళీ ఉన్నది ఒక్క ఏడో స్తంభం దగ్గరే. ఆయన అక్కడ పెట్టి, న్యూట్రల్లో వదిలి దిగాడు. ఆమె ఇటుక తెచ్చి ముందు చక్రానికి అడ్డం పెట్టింది.

ఆయన సంచి పట్టుకుని లిఫ్టు వైపు పది అడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చి వంగి చక్రం కిందికి చూశాడు. అక్కడి నుంచి గోడ వైపు, కాలువ పక్కన నిన్న బుట్ట ఉన్న చోటు వైపు చూశాడు.

"ఇది జారదు కదా?"

"నేను చూస్తుంటాను సార్."

"రేపు కూడా ఇక్కడే పెట్టాలా?"

విజిలక్క తల తిప్పి చూసింది. అటు లిఫ్టు పక్కన డాక్టరమ్మ కారు తలుపు తీసి బుట్ట దించుతోంది.

"రేపు కూడా సార్," అంది.