ఎర్రకోటు అయ్యగారు

ఆ రోజుల్లో మా భిలాయి తెలుగు పిల్లల్ని తెలుగులో ప్రశ్న అడిగితే చెయ్యెత్తే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఇంట్లో అమ్మ విజయనగరం తెలుగులో తిడితే హిందీలో జవాబు చెప్పి వీధిలోకి పారిపోయే పిల్లలు వాళ్లు. అలాంటిది, సండే స్కూలు పరీక్ష పెట్టడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్ద అయ్యగారు (మాకు పాస్టరంటే అయ్యగారే) చర్చిలో అందరి ముందూ నిలబడి "శత్రువుని క్షమించిన మనిషి పేరు ఒకటి ఎవరు చెబుతారు?" అని అడగ్గానే నా క్లాసులోని పదహారు చేతులూ ఒక్కసారి పైకి లేచాయి. చర్చి అంతా మురిసిపోయింది. ముందు బెంచీలో కూర్చున్న సంఘ పెద్దల్లో మా నాన్న ఒకరు. ఆయన కాలరు సర్దుకుని, నా వైపు ఒకసారి గర్వంగా చూశారు. సరిగ్గా ఆ క్షణంలోనే నాకు ప్రమాదం అర్థమైంది. నేను వాళ్లకి చెప్పిన కథల్లో శత్రువుని క్షమించిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను బైబిల్లో లేడు.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి కొద్ది ఏళ్లే అయింది. సుపేలా బజారులో కొన్ని దుకాణాల బోర్డుల మీద ఇంకా పాత రాష్ట్రం పేరే ఉండేది. నాకు పంతొమ్మిదేళ్లు, బీఎస్సీ రెండో సంవత్సరం. నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్, మాది రిసాలిలో క్వార్టరు. చర్చిలో చిన్నపిల్లల క్లాసు చాలాకాలంగా ఒక ఆంటీ చూసేవారు. ఎవరు కనిపించినా బైబిలు వాక్యం ఒప్పజెప్పమనేవారు కాబట్టి ఆవిడకి 'వాక్యం ఆంటీ' అనే పేరు స్థిరపడిపోయింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు వచ్చి క్లాసు ఖాళీ అయినప్పుడు నాన్న కమిటీలో నా పేరు చెప్పారు. "నిన్నగాక మొన్నటి పిల్లకి క్లాసేటి?" అన్నారు ఆంటీ. "ఒక్క ఏడాది చూడండి. పరీక్షలో పిల్లలు నోరు తెరవకపోతే నేనే తీసేస్తాను" అన్నారు నాన్న. అంటే ఆ ఏడాది పరీక్ష పిల్లలకి కాదు, నాకు. ఆ క్లాసు పోతే నాకు ఏమీ మిగలదని గట్టిగా నమ్మాను. కాలేజీలో నేను చివరి బెంచీ. ఇంట్లో అందరూ నాకు సలహాలు ఇచ్చేవాళ్లే. నేను మాట్లాడుతుంటే కదలకుండా కూర్చుని వినేవాళ్లు భూమ్మీద ఆ పదహారు మందే. నన్ను 'టీచరక్కా' అని పిలిచేవారు. (కోపం వస్తే 'దీదీ' అనేవారు. అది మాకు చిన్న తేడా కాదు.)

ఇక ఆ మనిషి సంగతి. శనివారం సాయంత్రాలు కేబుల్లో ఒక జపాను కార్టూన్ సీరియల్ వచ్చేది. ఎక్కడో వేరే గ్రహం, అంతా ఇసుక, కౌబాయ్ సినిమాల్లోలాంటి ఊళ్లు, మధ్యమధ్య తుప్పుపట్టిన అంతరిక్ష నౌకలు. అందులో ఎర్రటి పొడుగు కోటు వేసుకున్న ఒక తుపాకీవీరుడు. అతని తలకి పెద్ద వెల కట్టారు, కనబడితే కాల్చేద్దామని లోకమంతా వెతుకుతోంది. అతను మాత్రం ఎవరినీ చంపడు. చంపనని పట్టు. దానికోసం పరిగెడతాడు, బతిమాలతాడు, ఏడుస్తాడు, పీపాల వెనక దాక్కుంటాడు. పంతొమ్మిదేళ్ల వయసులో నాకు ఇంతకంటే గొప్ప మగవాడు తారసపడలేదు. అయితే మా ఇంట్లో టీవీ నాన్న షిఫ్టుని బట్టి నడిచేది. నాన్న సెకండ్ షిఫ్టుకి వెళ్లిన వారం హాయిగా చూసేదాన్ని. నైట్ షిఫ్టు వారం ఆయన పక్క గదిలో నిద్రపోతుంటారు కనక సౌండు పూర్తిగా తీసేసి చూసేదాన్ని. ఫస్ట్ షిఫ్టు వారం ఆయన ఇంట్లోనే ఉంటారు, వార్తలు తప్ప ఏమీ ఉండవు. ఆ లెక్కన నాకు తెలిసిన కథలో మూడోవంతు విన్నది, మూడోవంతు బొమ్మలు చూసి ఊహించింది, మూడోవంతు నేను అల్లింది.

పిల్లలకి చెప్పాలని చెప్పలేదు. శత్రువులని ప్రేమించడం గురించిన పాఠం వచ్చింది. పాఠం పుస్తకం మా తాతల కాలం తెలుగులో ఉండేది, చదువుతుంటే నాకే ఆవలింతలు. ముందు వరసలో కూర్చునే ఏడేళ్ల పిల్ల ఒకతి, పేరు రేడియో (ఒకసారి మొదలైతే ఆగదు), లేచి "టీచరక్కా, దుష్మన్ గోలీ కొడితే? అప్పుడు కూడా ప్యార్ చెయ్యాలా?" అంది. "ఒకాయన ఉండేవాడు..." అని మొదలుపెట్టాను. ఎక్కడ ఉండేవాడో చెప్పలేదు. ఒళ్లో పాఠం పుస్తకం తెరిచే ఉంది, గోడ మీద సిలువ ఉంది, పిల్లలు వేరేగా ఎందుకు అనుకుంటారు? ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అదే కథ. (సీరియల్లో తుపాకీ పట్టిన పాస్టరు కూడా ఒకాయన ఉన్నాడు. ఆయన గురించి మాత్రం చెప్పలేదు. ఆపాటి దైవభయం నాకుంది.)

ఇక ఆ పరీక్ష రోజు, లేచిన చేతుల్లో పెద్ద అయ్యగారు రేడియో వైపు చూపించి "నువ్వు చెప్పమ్మా" అన్నారు.

"ఎర్రకోటు అయ్యగారు" అంది రేడియో.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "ఎవరమ్మా ఆయన? ఎక్కడుండేవారు?"

"రేగిస్తాన్‌లో అండి. అంతా ఇసకే."

ఎడారి అనేసరికి పెద్దల ముఖాలు తేరుకున్నాయి. బైబిల్లో ఎడారులకి లోటు లేదు. పిల్లకి పేరు గుర్తురాలేదేమో అనుకుని, అయ్యగారు అందించబోయారు. "ఎడారిలో ఆయన తినడానికి ఏం దొరికింది?"

"గారెలు" అంది రేడియో.

(సీరియల్లో అతనికి మధ్యలో కన్నం ఉన్న తీపి రొట్టె ఒకటి మహా ఇష్టం. దాన్ని నేను గారె చేశాను.)

వెనక బెంచీ నుంచి వాక్యం ఆంటీ లేచారు. "గారెలేటి, ఎర్రకోటేటి? ఏటి నేర్పించావమ్మా ఈ పిల్లలకి?"

అయ్యగారు ఆవిడని చేత్తోనే ఆపారు. "చంపడానికి వచ్చినవాణ్ణి ఏం చేశారమ్మా ఆయన?"

"వాడి చేతిలో బందూకుని కొట్టారు. వాడు పడిపోయాడు. ఆయనే లేపి నీళ్లు ఇచ్చారు. వాడు మళ్లీ కొట్టాడు. ఆయన మళ్లీ నీళ్లు ఇచ్చారు."

"మరి ఆయనకి దెబ్బలు తగలవా?"

"తగుల్తాయండి. చాలా దర్ద్ ఉంటాది. కోటు లోపల అన్నీ దెబ్బలే. అందుకే ఎవరి ముందూ కోటు విప్పరు."

అక్కడితో మిగతా పదిహేను మందికీ ఓపిక అయిపోయింది. ఒకడు పీపా అయ్యాడు, ఇద్దరు దొంగలయ్యారు, ఒక పిల్ల వాళ్లమ్మ ఎర్ర శాలువా లాక్కొచ్చి భుజాన వేసుకుంది. సగం తెలుగు, సగం హిందీ, ఎవరికీ భయం లేదు. అయ్యగారు ఆపలేదు. అంతా అయ్యాక "ఈ కథ ఎవరు చెప్పారు?" అన్నారు. పదహారు వేళ్లు నా వైపు తిరిగాయి. "ఎక్కడ చదివావమ్మా?" అని ఆయన నన్ను అడిగినప్పుడు, ఎవరో మిషనరీ రాసిన పుస్తకంలో అనడానికి నోరు తెరిచాను కూడా. నాన్న నావైపే చూస్తున్నారు. "టీవీలో అయ్యగారూ. జపాను కార్టూన్" అన్నాను. నాన్న తల దించుకుని తన చెప్పులు చూసుకున్నారు.

పెద్ద అయ్యగారు రిజిస్టరులో రెండు మాటలు రాసి వెళ్లారు: వాక్యజ్ఞానం బొత్తిగా లేదు. పిల్లలు నోరు తెరిచారు.

ఇంటికొచ్చాక నాన్న అరవలేదు. అరిస్తే బాగుండేది. అన్నం తిని, చెయ్యి తుడుచుకుని అన్నారు. "నేనన్న మాట ప్రకారం క్లాసు నీదే. నేను డ్యూటీకెళ్తే నా ఇంట్లో ఏటవుతుందో పెద్దయ్యగారి ముందు తెలుసుకున్నాను. ఇంట్లో కేబులుంటే క్లాసు లేదు. క్లాసు కావాలంటే కేబులు తీయించాల. నువ్వే సెప్పు."

"మధ్యలో నా సీరియలేటి పాపం చేసింది?" అంది అమ్మ. ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఆ కార్టూన్‌లో ఇంకా రెండు వారాల కథే ఉంది. చిట్టచివరి శత్రువు ఎదురుపడబోతున్నాడు, చంపకపోతే ఊళ్లన్నీ పోతాయి. చంపుతాడా, చంపడా? నాలుగు రోజులు అన్నం సహించలేదు. అయిదో రోజు "క్లాసే కావాలి" అన్నాను. వైరు విప్పడానికి వచ్చిన కేబుల్ భయ్యా నిచ్చెన మీద నుంచి "దీదీ, ఇంకో రెండు శనివారాలు ఆగలేరా? నేనూ చూస్తున్నాను" అని హిందీలో బతిమాలాడు. నాన్న కింద నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నారు.

తర్వాతి ఆదివారం వాక్యం ఆంటీ నన్ను కనిపెట్టడానికి మోకాళ్లు పట్టుకుని వచ్చి వెనక కూర్చున్నారు. పాఠం చెప్పాను, వాక్యం వల్లె వేయించాను. ముగిసీ ముగియగానే రేడియో చెయ్యెత్తి "ఎర్రకోటు అయ్యగారు ఏమయ్యారు?" అంది. నేను భయంగా ఆంటీ వైపు చూశాను. ఆవిడ గోడ వైపు తిరిగి "వాక్యం అయిపోయింది కదా. సెప్పు, ఆ గారెలాయన ఏటయ్యాడో" అన్నారు. చెప్పాను. చివరి యుద్ధాన్ని మూడు ఆదివారాలు లాగాను. ఆయన చంపలేదు. శత్రువే అలిసిపోయి నీళ్లడిగాడు. తర్వాత ఆయన నడుచుకుంటూ మా క్వార్టర్ల దగ్గరి మరోదా వైపు వచ్చి, ప్లాంటులో క్రేన్ మీద చేరిపోయాడు. పైన కూర్చుని, కింద ఎవరి మీదా ఏదీ పడకుండా చూసుకునే పని. ఆ మాట విని రేడియో ఎత్తబోయిన చెయ్యి దించేసింది. మా క్లాసు చరిత్రలో అదే మొదటిసారి.

ఇప్పుడు నాకిద్దరు పిల్లలు. పంతొమ్మిదేళ్లప్పుడు తుపాకీ కథ చర్చిలో చెప్పిన మనిషిని, హోలీకి నీళ్ల తుపాకీ కొనడానికి కూడా వెయ్యిసార్లు ఆలోచిస్తాను. మొన్న సాయంత్రం వాళ్ల గదిలోంచి కాల్పుల చప్పుడు వినిపిస్తే పరుగున వెళ్లి ఫోను లాక్కున్నాను. చూస్తే, ఎర్రకోటు. రంగు కూడా వెలవలేదు. ఇన్నేళ్లలో వేలితో ఒక్కసారి నొక్కితే ఆ చివరి రెండు భాగాలు చూసి ఉండేదాన్ని. ఎందుకో నొక్కలేదు. పెద్దవాడు "అమ్మా, చివరికి ఈయన ఎవరినైనా చంపేస్తాడా?" అని అడిగాడు. ఫోను నా దగ్గరే పెట్టుకుని, రేపు చెబుతానన్నాను.

పొద్దున్న టిఫిన్ డబ్బాలు కడుతూ చెప్పాను. "రోజుకి ఒక్క భాగమే చూడండి. చివరికి ఏమైందో మాత్రం నాకు చెప్పకండి. నేను అడిగినా సరే."