నక్షత్రాల మేఘానికి రెండో చూపు

మీ అక్క గురించి రాసుకుంటానన్నావు కదా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. తను చదివితే సిగ్గుపడి సగం కొట్టేయమంటుంది. కొట్టేయకు.

ఈ వన్ టౌన్‌లో, మన బట్టల గోడౌన్ మీది ఇంట్లోకి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ నా పని బట్ట చూడటం. పామర్రు దగ్గర మా పుట్టింట్లో మగ్గాలుండేవి కాబట్టి మా మామగారు ఆ పని నాకు అప్పజెప్పారు. నేతగాళ్ళు తెచ్చిన తానుని బాల్కనీలో వెలుతురుకి పట్టుకుని, ముడి ఎక్కడుందో, పోగు ఎక్కడ తెగిందో చూసి సుద్దతో గుర్తు పెట్టాలి. ఒకరు చూశాక ఇంకొకరు తిరగేసి చూడాలి. మొదటివాళ్ళకి ఏం కనిపించిందో అడగకూడదు, వాళ్ళ గుర్తు తుడపకూడదు. దాన్ని రెండో చూపు అనేవాళ్ళం, మీ ఇద్దరికీ చిన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పాను.

మొన్న వేసవిలో మీ అక్క నెల రోజులు ఇక్కడే ఉండి పని చేసుకుంది. కింద ఆటోల మోత, తోపుడుబళ్ళ వాళ్ళ కేకలు, పైన తను లాప్‌టాప్ ముందు. ఏం చూస్తున్నావే అంటే ఓపిగ్గా చెప్పింది. నక్షత్రాల మధ్య గ్యాసూ దుమ్మూ కలిసిన పెద్ద పెద్ద మేఘాలుంటాయట. వాటిలో అక్కడక్కడా చిక్కబడి ముద్ద కట్టిన చోట్లే ఎప్పటికో నక్షత్రాలవుతాయట. ఒక మేఘాన్నంతా గాలించి ఆ ముద్దల జాబితా తయారుచెయ్యటం తన పని. కంప్యూటర్ ముందే ఏరిపెట్టినా, ఒక్కోదాన్నీ మనిషి చూసి ఉంచాలో తీసెయ్యాలో తేల్చాలి. ఆ జాబితాని బట్టి వేరేవాళ్ళు ఇంకా పెద్ద టెలిస్కోపులు అటు తిప్పుతారు. లేని ముద్దని రాస్తే వాళ్ళ శ్రమ వృథా, ఉన్నదాన్ని కొట్టేస్తే దాని మొహం ఇంకెవరూ చూడరు. తను సొంతంగా చేస్తున్న మొదటి పని అది. శుక్రవారానికి పంపాలి.

మంగళవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, "నానమ్మా, రెండో చూపు చూస్తావా?" అంది.

"నాకేం తెలుసే ఆకాశం గురించి?"

"తెలీదు కాబట్టే అడుగుతున్నా. చూసి చూసి నాకిప్పుడు ప్రతి మరకా ముద్దలాగే కనిపిస్తోంది."

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. నల్లటి గుడ్డ మీద నూలు చిక్కుపడ్డట్టుంది. పోగులు, పోగుల మీద ముడులు. ఒక మూల ముడులు వరసగా, తిన్నగా, ఒకే ఎడంలో ఉన్నాయి. నడిమధ్యలో వంకర తిరిగిన ఒక పోగు మీద కూడా ఇంచుమించు సమాన దూరంలో ముడులున్నాయి. వేలు పెట్టి చెప్పేశాను. మగ్గం మీద బట్ట చుట్టుకునే కర్రకి మేకు పైకి లేచి ఉంటే, కర్ర తిరిగినప్పుడల్లా గుర్తు పడుతుంది. లెక్కగా వచ్చిన మచ్చ నూలుది కాదు, మగ్గానిది. రెండు వరసలూ తీసెయ్యమన్నాను.

దాని మొహం వాడిపోయింది. ఆ తిన్నటి వరసే తనకి దొరికిన గొప్ప సంగతి అనుకుందట. వాళ్ళ సారుకి అప్పటికే చెప్పిందట, ఆయన మెచ్చుకున్నారట. నాకు ప్రాణం చివుక్కుమంది. ముసలిదాని మాట పట్టించుకోకు, నాకు తెలిసింది పంచెలూ చీరలేగా అన్నాను. అది వాదించలేదు, కోప్పడలేదు, లేచి వెళ్ళి పని మొదలుపెట్టింది. దాని వయసులో నా గుర్తు తప్పని ఎవరైనా అంటే రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు.

తను చూపించిన పటం, టెలిస్కోపుని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పుతూ తీసిన రెండు పటాల్ని కలిపి చేసిందట. ఆ రెంటినీ విడదీసి మళ్ళీ మొదటి నుంచీ చూసింది. బుధవారం సాయంత్రం వంటింట్లోకి వచ్చి గట్టు మీదెక్కి కూర్చుంది.

"తిన్నటి వరస ఒకదాంట్లో ఉంది, రెండోదాంట్లో లేదు. నువ్వన్నట్టు అది మగ్గానిదే నానమ్మా, ఆకాశంలోది కాదు, టెలిస్కోపుది."

"మరి వంకర పోగు?"

"అది రెండింట్లోనూ ఉంది. అక్కడ నువ్వు తప్పు."

ఒప్పుకోబుద్ధి కాలేదు. లెక్కగా ముడులు వాటంతటవే ఎలా పడతాయని అడిగాను. అది నా కుట్టుడబ్బాలోంచి దారం తీసి, గంజిలో ముంచి, రెండు చేతులతో బిగదీసి కిటికీ ముందు పట్టుకుంది. దారం పొడుగునా సన్నటి బొట్లు నిలబడ్డాయి, ఇంచుమించు ఒకే ఎడంలో. ఎవరూ కొలిచి పెట్టలేదు.

నాకు నవ్వొచ్చింది. పుట్టింట్లో తెల్లవారగానే వీధి పొడుగునా నూలు సాగదీసి గంజి పెట్టేవాళ్ళం. ఆ బొట్లు ఎండితే పోగు బరకబారుతుందని కుంచె పట్టుకుని తుడిచే పని చిన్నప్పుడు నాదే. ఎన్ని వేల బొట్లు తుడిచానో, అవి సమానంగా ఉన్నాయని ఒక్కరోజూ గమనించలేదు. మేఘంలో పొడుగాటి పోగు కూడా దాని బరువుకి అదే అలా ముద్దలుగా విడిపోతుందట. కారణం వేరే అనుకో, చూడటానికి మాత్రం అంతే అని చెప్పింది.

ఆ రాత్రే వాళ్ళ సారుకి రాసింది, తను గొప్పగా చెప్పిన వరస అసలు లేదని. ఆయన ఏమంటారోనని నేను భయపడ్డాను, అది భయపడలేదు. శుక్రవారం జాబితా పంపేముందు నాకు చూపించింది. వంకర పోగు మీది ముద్దలన్నీ ఉన్నాయి. తిన్నటి వరసలోవి చివర్న విడిగా, ఎందుకు తీసేసిందో ఒక్కోదాని పక్కనా రాసి ఉన్నాయి.

పనికిరానివాటిని ఇంకా మోయడం దేనికే అన్నాను.

"గుర్తు తుడపకూడదన్నావుగా," అని పంపేసింది.