మా ఏడుగురి గార్డెనింగ్

పోయిన మంగళవారం పొద్దున ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుని, ఫోన్లో ఎవరికో డాక్టరుగారి టైమింగ్స్ చెబుతున్నాను. అంతలో సెల్లో మా బ్యాచ్ అమ్మాయి మెసేజీ: "మాస్టారు పోయారే." అది చదివాక కూడా ఆ ఫోన్లో మనిషికి టైమింగ్స్ అన్నీ చెప్పి, "హావ్ ఎ నైస్ డే" అని పెట్టేశాను. ఆ మాట నాకు నేర్పింది ఆయనే. అప్పుడొచ్చింది ఏడుపు.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టు మేడమీద స్పోకెన్ ఇంగ్లీషు చెప్పిన మాస్టారాయన. మీలో చాలామందికి తెలియకపోవచ్చు, బోర్డు కూడా మెట్లెక్కితే గానీ కనపడేది కాదు. పొద్దున ఆరింటి నుంచి చీకటిపడేదాకా బ్యాచి తర్వాత బ్యాచి నిలబడే చెప్పేవారు. మా అబ్బాది, అంటే నాన్నది, ఆ వీధి చివరే టైలరింగ్ షాపు. డిగ్రీ అయిపోయి ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టుకుంటున్న నన్ను, "నోరెలాగూ ఎక్కువేగా, ఆ ఇంగ్లీషేదో నేర్చుకో" అని అబ్బానే చేర్పించారు.

ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకి మాస్టారు ఒక జిరాక్సు కాగితం ఇచ్చేవారు. లీజర్, లైఫ్‌స్టైల్, అవుట్‌లుక్ అని మూడు భాగాలు. ఖాళీ సమయంలో ఏం చేస్తారని అడిగితే 'మై హాబీ ఈజ్ గార్డెనింగ్'. లైఫ్‌స్టైల్ 'సింపుల్ అండ్ హెల్తీ'. అవుట్‌లుక్ 'పాజిటివ్, ఐ యామ్ యాన్ ఆప్టిమిస్ట్'. కింద బండి మీద వేడి పునుగులు కొనుక్కొచ్చి, అవి తింటూనే హెల్తీ లైఫ్‌స్టైల్ బట్టీ పట్టాం. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే అమ్మాయి ఒకసారి ఆప్టిమిస్ట్ అంటే ఏంటండీ అని అడిగింది. "బస్సు పోయినా ఇంకోటి వస్తుందని స్టాపులో నిలబడేవాడు ఆప్టిమిస్టు. ఆటోకి డబ్బుల్లేక నిలబడేవాళ్లం నువ్వూ నేనూ" అన్నారు మాస్టారు. గదంతా నవ్వులే.

ఆ కాగితమే మా కొంప ముంచింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షనిస్టులు కావాలంటే మా బ్యాచ్ నుంచి ఏడుగురం ఒకే రోజు వెళ్లాం. నాది ఏడో నంబరు. నేను కూడా గార్డెనింగ్ అనేసరికి బల్ల అవతల పెద్దావిడ కళ్లజోడు తీసి, "ఏమ్మా, మీ వీధంతా తోటలేనా? నీ తోటలో ఏమేం ఉన్నాయో చెప్పు" అంది. మాది నాలుగో అంతస్తు. బాల్కనీలో బట్టలారేసే తాడు తప్ప ఏమీ లేదు. ఏడుగురిలో ఒక్కరికీ ఉద్యోగం రాలేదు.

ఆ ఉద్యోగం మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నానో! నేరుగా క్లాసుకెళ్లి, అందరి ముందూ అరిచాను. "మీ గార్డెనింగ్ నా ఉద్యోగాన్ని మేసేసిందండీ! అసలు మీకొక్క మొక్కయినా ఉందా?"

"లేదమ్మా" అన్నారాయన. మిగిలిన జిరాక్సు కాగితాలన్నీ తీసి నిలువునా చింపేశారు. "అబద్ధం ఇంగ్లీషులో చెప్పినా అబద్ధమే. తప్పు నాదమ్మా."

అంత పెద్దాయన, కూతురి వయసు పిల్ల అరిస్తే, అలా ఒప్పుకున్నారు. నాకు సిగ్గేసింది గానీ, నోరెక్కువ కదా, సారీ చెప్పలేదు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చేశారు. రోజూ ఓ పావుగంట మనకోసం మనం ఏదో ఒకటి చేయాలి. క్లాసుకొచ్చి అది తెలుగులో చెప్పాలి. దానికి తగ్గ ఇంగ్లీషు మాటలు అప్పుడిస్తారు. "ముందు పని, తర్వాత మాట" అనేవారు.

"తీరికెక్కడిదండీ, ఫాల్స్ ఎవరు కుడతారు?" అన్నాను.

"తీరిక ఎవరూ తెచ్చివ్వరమ్మా. మనమే చేసుకోవాలి."

సరేనని బాల్కనీలో కూర్చున్నాను. మా ఇంటి వెనకే రైలు పట్టాలు. నాలుగు రోజులకి కళ్లు మూసుకుని చప్పుడు వింటే చాలు, గూడ్సో ప్యాసింజరో తెలిసిపోయేది. ఇదీ ఒక హాబీయేనా అని నసుగుతూ చెప్పాను. మాస్టారి ముఖం వెలిగిపోయింది. ఆ రోజు క్లాసంతా రైళ్ల మాటలే నేర్పారు. "ఇది నీది. దీన్నెవరూ జిరాక్సు తీయలేరు" అన్నారు. ఇంకో ఆసుపత్రిలో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఆ రైళ్ల గురించే చెప్పాను. వాళ్లు అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు రిసెప్షన్‌లో నేను కూర్చునే కుర్చీ అలా వచ్చిందే.

మిఠాయి పట్టుకెళ్లిన రోజున చూద్దును కదా, మెట్ల మీద రంగు బకెట్టులో ఒక మిరప మొక్క! "నా అబద్ధాన్ని నిజం చేస్తున్నానమ్మా" అన్నారు. పాపం, అది వారంలో ఎండిపోయింది. "'ది ప్లాంట్ హాజ్ డైడ్'. ప్రెజెంట్ పర్ఫెక్టుకి ఉదాహరణ దొరికిందర్రా" అని క్లాసులో ప్రకటించి, ఇంకోటి తెచ్చారు. ఏడుగురం చెప్పిన అబద్ధానికి ఏడు బకెట్లు పెట్టారు. వాటికి నీళ్లు పోసేందుకు సాయంత్రం ఒక బ్యాచి మానేశారు. ఆయన కూర్చోగా నేను మొదటిసారి చూసింది ఆ మెట్ల మీదే. ఒక బకెట్టులో గోరింట పెట్టారు. ఏటా రంజాన్‌కి ముందు ఆకు కోసి, న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి అబ్బా షాపుకి పంపేవారు. మా అమ్మీ ఆ ఆకు రుబ్బుతూ, "మీ మాస్టారి చేతి ఆకు భలే పండుతుంది" అనేది.

నిన్న ఆ క్లాసు పక్కనే ఉన్న మాస్టారింటికెళ్లాను. మాస్టారి భార్య, అమ్మగారు, నన్ను క్లాసు మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, "ఆ గోరింట నీదేనని చెబుతుండేవారు. తీసుకెళ్లమ్మా, నేను నీళ్లు మోయలేను" అన్నారు. ఆయనకి ఆనాడు చెప్పాల్సిన సారీ ఆవిడ చేతులు పట్టుకుని చెప్పాను. ఎందుకో ఆవిడకి తెలియదు. "ఊరుకో తల్లీ" అన్నారు.

బకెట్టు ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. డ్రైవరు అద్దంలో చూసి, "ఏంటండీ మేడమ్, మొక్కలు పెంచుతారా?" అన్నాడు.

"అవునండీ. గార్డెనింగ్" అన్నాను.

ఇప్పుడది మా బాల్కనీలో, బట్టల తాడు కింద ఉంది. ఇందాకే నీళ్లు పోశాను. వెనక గూడ్సు బండి పోతోంది. పెట్టె పెట్టెకీ గోరింటాకులు సన్నగా అదురుతున్నాయి.