యూనిట్ల బావ

మా బావకి యూనిట్ల బావ అని పేరు పెట్టింది నేనే. ఆయన టైల్స్ షోరూములో మేనేజరు. పగలంతా కొనడానికి వచ్చినవాళ్ళకి ఖరీదైన రాయి అంటగట్టడం, సాయంత్రం ఇంటికొచ్చి ఎవరూ లేని గదుల్లోనే కాదు, ఉన్న గదుల్లో కూడా ఫ్యాను కట్టెయ్యడం. ఆయన జీవితం టూకీగా ఇంతే. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళని చాలామందిని చూశాను. ఈయన ఆ పిల్లి దగ్గరే ఏమన్నా దొరుకుతుందా అని చూసే రకం.

అలాంటి మనిషి కరెంటు కారు కొన్నాడు. కొన్న రోజునుంచీ పెట్రోలు బండి ఉన్న ప్రతివాడూ ఆయన కంటికి తాగుబోతులాగే కనిపించాడు. అందులో మొదటివాణ్ణి నేను.

“నీ బండి ఒక్క కిలోమీటరుకి తాగే డబ్బుతో నాది ఆరు కిలోమీటర్లు పోతుందిరా బామ్మర్దీ. ఇంజనాయిలు మార్చే పనిలేదు, ఫిల్టర్ల గోల లేదు. నువ్వేమో పెట్రోలు బంకువాణ్ణి మేపుతున్నావు” అనేవాడు.

లెక్క తప్పని నేనెప్పుడూ అనలేదు. లెక్క నిజమే. ఆ నిజం ఆయన నోట్లోంచి వస్తేనే ఒంటికి కారం రాసినట్టుండేది. పైగా ఆయన కారు తినేది ఎక్కువగా పరాయి కరెంటు. మామూలు రోజుల్లో షోరూము గోడౌను ప్లగ్గు, ఆదివారమైతే మా ఇంటి ప్లగ్గు. “మిమ్మల్ని చూసి చాన్నాళ్ళయిందిరా” అంటూ దిగేవాడు. చెప్పులు విప్పకముందే డిక్కీలోంచి వైరు బయటికొచ్చేది. మా ఆవిడ కిటికీలోంచి చూసి, “మీ బావగారి బ్యాటరీ అడుగంటినట్టుంది, ప్రేమ పొంగుకొచ్చింది” అనేది.

అంత చవకగా నడిచే బండిలో మా అక్క మాత్రం ఉడికిపోయేది. ఏసీ వేస్తే చార్జింగు దిగుతుందని వెయ్యనివ్వడు. అద్దాలు దించితే గాలి ఎదురుతన్నుతుందని దించనివ్వడు. రక్తపరీక్షల ల్యాబులో పొద్దస్తమానం నిలబడి పనిచేసే మనిషి, మెడమీద తడి తువ్వాలు వేసుకుని ఆ గాజుపెట్టెలో కూర్చుని ఇంటికి వెళ్ళేది. “నేను మాట్లాడితే కూడా చార్జింగు తగ్గుతుందేమోరా” అంది ఒకసారి. నవ్వుతూ అన్నది కాదు.

ఆ ఎండాకాలంలోనే అక్క అత్తగారికి పక్క ఊరి ఆసుపత్రిలో మోకాలి ఆపరేషనయింది. ఇంటికి పంపించే రోజున బావే కారు వేసుకుని వెళ్ళాడు. తిరిగి వస్తుంటే దారిలో చార్జింగు స్టేషను కనిపించింది. బ్యాటరీ దాదాపు ఖాళీ. ఆయన ఆపలేదు.

“ఇంట్లో రేటుకి మూడింతలు అడుగుతారు వీళ్ళు. పట్టపగలు దోపిడీ! ముందు మా కంపెనీ బ్రాంచి ఉంది, అక్కడ ఊరికే పెట్టుకోవచ్చు” అన్నాడట.

“పోనీ కొంచెమైనా పెట్టించండి. అత్తయ్యకి కాలు లాగేస్తోంది” అంది అక్క.

“బండి సంగతి నీకేం తెలుసు? కూర్చో” అన్నాడు ఈ మేధావి.

బ్రాంచికి చేరేసరికి షట్టరు దించి ఉంది. ఆ రోజు వాళ్ళకి సెలవు. వెనక్కి తిరిగి స్టేషనుకి పోదామంటే దారిలోనే బండి నడక మందగించి, రోడ్డు పక్కన ఆగిపోయింది. అక్క నాకు ఫోను చేసింది.

నేను వెళ్ళేసరికి పెద్దావిడ వెనక సీట్లో వాలి ఉంది. కట్టు కట్టిన కాలు అక్క ఒళ్ళో ఉంది. తలుపులు బార్లా తీసి అక్క ఆసుపత్రి ఫైలుతో విసురుతోంది. బావ కాస్త దూరంగా, చెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. ఉన్న ఒక్క నీడా ఆయనకే దక్కింది.

అక్కా నేనూ కలిసి ఆవిడని మెల్లగా నా బండిలోకి చేర్చాం. నేను ఏసీ పూర్తిగా తిప్పాను. బావ దర్జాగా ముందు సీట్లో కూర్చున్నాడు. క్షమించమని కాదు, మంచినీళ్ళు కావాలా అని కూడా కాదు, ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది:

“ఇంతదూరం రావడానికి ఎంత పెట్రోలు కాలిందో చూశావా? అదే నా బండయితేనా...”

వెనకనుంచి పెద్దావిడ గొంతు వినిపించింది. “బండాపు నాయనా.”

ఆపాను.

“వాణ్ణి దింపెయ్యి. బరువు తగ్గితే పెట్రోలు కలిసొస్తుంది.”

“అమ్మా, ఏంటే ఇది?” అన్నాడు బావ.

“నీ లెక్కేగా? దిగరా.”

దిగాడు. ఎండలో తన బండివైపు నడుచుకుంటూ పోయాడు. జాలి వస్తుందేమోనని అద్దంలో ఒకసారి చూశాను. రాలేదు. కాసేపటికి ఫోను చేశాడు. “బండి లాక్కెళ్ళేవాడు చాలా ఎక్కువ అడుగుతున్నాడ్రా, నీ దగ్గర తాడేమన్నా ఉందా?” అని. ఫోను పెట్టేశాను.

కాలు నయమై పెద్దావిడ ఇంట్లో తిరుగుతుండగా, అక్క డ్రైవింగు స్కూల్లో చేరింది. “డబ్బు దండగ, నేను నేర్పిస్తాగా” అన్నాడు బావ. “మీ దగ్గర నేర్చుకున్నది చాలు” అంది అక్క. లైసెన్సు వచ్చిన రోజునే తాళంచెవి ఆమె సంచిలోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఒకరోజు నన్ను ఎక్కించుకుని ఊరి బయటికి తీసుకెళ్ళింది. లోపల చల్లగా ఉంది, పాటలు వస్తున్నాయి. బావ దోపిడీ అన్న ఆ స్టేషన్లోనే ఆపి చార్జింగు పెట్టింది.

“ఇక్కడి రేటిచ్చినా నీ పెట్రోలు ఖర్చులో సగమేరా. ఏసీ ఎంత వేసినా చార్జింగు పెద్దగా తగ్గింది లేదు. బండి బంగారం. మొగుడి మీద కోపంతో పాపం దీన్ని కూడా తిట్టుకున్నాం” అంది.

నిజమే. పిసినారితనం కారుది కాదు. నా పాత పెట్రోలు బండిని అమ్మకానికి పెట్టాను.

మొన్న అక్కవాళ్ళింటికి వెళితే మెట్ల దగ్గర బావ పక్కింటాయనకి పాఠం చెబుతున్నాడు. “ఏసీ వేస్తే చార్జింగు అయిపోతుందని జనం అనవసరంగా భయపడతారండీ. ఉత్త అజ్ఞానం! నేను స్వయంగా పరీక్షించి చూశాను.”

పక్కింటాయన భక్తితో తలాడించాడు. అక్క ఆ మాట వింటూనే మెట్లు దిగి వచ్చి, బండి తలుపు తీసి, “ఎక్కుతారా, పొమ్మంటారా?” అంది.

బావ వెనక సీట్లో ఎక్కాడు.