కువైట్ గడియారం, గుడియాత్తం ముహూర్తం

కస్తూరమ్మ ఎక్కిన విమానం ఆ రోజు ఆలస్యం కాలేదు. పన్నెండేళ్లుగా నేను చెప్పకుండా దాచిన మాట ఇదే.

అప్పట్లో నేను వేలూరులోని ఒక ట్రావెల్ ఏజెన్సీకి గుడియాత్తం శాఖలో కౌంటర్ ఇన్‌ఛార్జిని. విమానాల వేళలు నోటికి చెప్తానని పేరుండేది. మేస్త్రి పని చేసే మునస్వామి ఒక సాయంత్రం వచ్చాడు. కూతురి పెళ్లి కుదిరింది. భార్య కస్తూరమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. ఇంటికి వచ్చి ఏడేళ్లయింది. పెళ్లికి ముందు రాత్రి దాకా పంపేది లేదని యజమానులు చెప్పేశారు. పంతులు రెండు ముహూర్తాలు ఇచ్చాడు: ఉదయం తొమ్మిదిన్నర, లేదా మధ్యాహ్నం పన్నెండు. కన్యాదానంలో తండ్రి అల్లుడి కాళ్లు కడుగుతుంటే నీళ్లు పోయాల్సింది తల్లి. ఆమె దేనికి అందుతుందో చెప్పమన్నాడు.

దాదాపు మూడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు, రాత్రి పదకొండుకు బయలుదేరి నేరుగా వచ్చే విమానంలో ఐదు గంటలని చెప్పాను.

"ఐదు గంటలేనా సార్? బెంగళూరులో మా బావమరిది ఇంటికి పోను అంతే పట్టుతాది. వాడు నెలనెలా వచ్చి కోడికూర తినిపోతాడు. ఈమెను చూసి ఏడేండ్లాయ," అన్నాడు.

తరువాత వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. రాత్రి పదకొండుకు ఎక్కితే నాలుగుకు మద్రాసులో దిగుతుంది, తొమ్మిదికల్లా మండపంలో ఉంటుంది. వేరే పనిలో ఉండి తలూపాను.

కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. టికెట్‌లో ఎక్కే వేళ ఆ ఊరిది, దిగే వేళ ఈ ఊరిది. పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పే సంగతి ఇది. పది రోజుల తరువాత టికెట్ తీసినప్పుడు దిగే వేళ ఉదయం ఆరున్నర అని కనిపించింది. అప్పటికే తొమ్మిదిన్నర ముహూర్తంతో శుభలేఖలు పంచేశారు. పిలిచి చెప్పాల్సింది. నా పేరు పోతుందని టికెట్‌ను కువైట్‌కు పంపి ఊరుకున్నాను.

పెళ్లికి నన్నూ పిలిచారు. తొమ్మిదిన్నరకు కస్తూరమ్మ కారు ఇంకా మద్రాసు దారిలోని వాలాజా కూడా చేరలేదు. మునస్వామి నా దగ్గరికి వచ్చాడు. విమానం ఆలస్యమైందన్నాను. పీటల మీద అతని తమ్ముడు, మరదలు కూర్చున్నారు. మరదలు నీళ్లు పోసింది. మునస్వామి వాకిలి వైపు చూస్తూ నిలబడ్డాడు.

పదకొండున్నరకు ఆమె కారు దిగింది. కూతురి మెడలోని తాళిని పట్టుకుని చూసి, "నీళ్లు ఎవురు పోసిరి?" అని మాత్రం అడిగింది.

నాలుగుకు దిగాల్సిన విమానం ఆరున్నరకు దిగిందని ఆమె కూడా నమ్మింది. తరువాతి ఏళ్లలో ఆమె టికెట్లన్నీ నా దగ్గరే తీసుకుంది. వచ్చినప్పుడల్లా ఒకటే ఎత్తిపొడుపు: "ఈ తూరన్నా లేటు కాని విమానం చూసియ్యి నాయనా."

ఆ పెళ్లి తరువాత ఎన్ని గంటల ప్రయాణమో నేను ఎవరికీ నోటితో చెప్పలేదు. మన గడియారం ప్రకారం ఇంటి గుమ్మం ఎన్నింటికి తొక్కుతారో కాగితం మీద రాసిచ్చాను. ఉద్యోగం నాకు నేర్పింది అదే. కస్తూరమ్మకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

శాఖ మూసేశాక నేను ముందుగానే ఉద్యోగ విరమణ చేశాను. ఆమె కూడా కువైట్ మానుకుని వచ్చేసిందని తెలిసి, పోయిన నెల పేర్ణాంబట్టు రోడ్డులో వాళ్ల ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

"అట్లయితే పన్నెండుకు పెట్టుకోని ఉంటే అందుకోని ఉందునా?" అని అడిగింది.

"అందుకోని ఉందువమ్మా. తెలిసీ నేను చెప్పలేదు. తప్పు చేసినాను, మన్నించమ్మా," అన్నాను.